కాలు తగిలితే చంపిన చోట సినిమా చూడటం

దళిత పత్రికలో సినిమాల మీద రాయడమేంటి, భూముల గొడవలు తీరిపోయాయా, కూలి రేట్లు తేలిపోయాయా, శ్మశానాలకు దారులు వచ్చేశాయా అని అడిగే మిత్రులు ఉంటారు. అడగాల్సిందే. వాళ్ళకు ముందుగా ఒక్క మాట గుర్తు చేస్తాం. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో సినిమా మనకెప్పుడూ వట్టి కాలక్షేపం కాలేదు. చుండూరులో నిప్పు రాజుకున్నది సినిమా హాల్లోనే.

1991 జూలైలో చదువుకున్న దళిత కుర్రాడొకడు టిక్కెట్టు కొనుక్కుని చుండూరు హాల్లో కూచున్నాడు. రెడ్ల కుర్రాడికి అతని కాలు తగిలింది. అంతే. సినిమా హాల్లో కాళ్ళు తగలకుండా ఎవరన్నా కూచుంటారా? నెల రోజులు తిరిగేసరికి, ఆగస్టు 6న, ఎనిమిది మంది దళితుల్ని పొలాల గట్ల వెంట తరిమి తరిమి నరికారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవల్లో పడేశారు. బతికినవాళ్ళు పిల్లాజెల్లాతో తెనాలి వచ్చి సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో తలదాచుకున్నారు.

కాలు తగలడం పైకి చెప్పిన కారణం. లోపలి మంట వేరు. చుండూరు దళితవాడ పిల్లలు చదువుకున్నారు. కొందరికి ఉద్యోగాలొచ్చాయి. తలపాగా తీసి నిలబడటం మానేశారు. ఊళ్ళో అన్నిచోట్లా కులం కొలత ఉంది. టీ హోటల్లో గ్లాసు వేరుగా ఉండేది, బావి వేరు, గుడి సరేసరి. ఒక్క సినిమా హాల్లో మాత్రం కులం అడక్కుండా డబ్బులు తీసుకుని టిక్కెట్టు చింపేవాళ్ళు. నేల టిక్కెట్టుకు నేల, కుర్చీ టిక్కెట్టుకు కుర్చీ. డబ్బులు పెట్టగలిగితే మాలోడైనా మాదిగోడైనా రెడ్డి పక్కనే కూచుని అదే బొమ్మ చూడొచ్చు. ఆ కుర్చీనే పెత్తందారు ఓర్చుకోలేకపోయాడు. కాలు తగిలిందని కాదు, పక్కన కూచున్నాడని చంపారు.

తర్వాత కథ మీకు తెలిసిందే. చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నాం. పదహారేళ్ళు పోరాడితే 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడ్డాయి. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. మళ్ళీ సుప్రీం కోర్టు గుమ్మం ఎక్కాల్సి వచ్చింది. కుర్చీకి మనం కట్టిన ధర ఇది.

ఇప్పుడు కుర్చీ గొడవ చాలాచోట్ల తగ్గింది. హాళ్ళే మూతబడుతున్నాయి, సినిమా ఫోన్లోకొచ్చింది. అయితే ఇంకో ప్రశ్న మిగిలుంది. చీకట్లో కూచోవడానికి చోటు దొరికింది సరే, వెలుతురు పడే తెర మీద మనకు చోటుందా? ఉంటే ఏ వేషంలో ఉంది?

మేం బడిపంతుళ్ళం. మా ఇళ్ళల్లో డిగ్రీ దాకా పోయిన మొదటి తరం మాదే. ఈ మధ్య కొన్ని శనివారాల రాత్రిళ్ళు వాడలో తెల్ల దుప్పటి కట్టి, అద్దె ప్రొజెక్టరు తెచ్చి, కుర్రాళ్ళతో, ఆడవాళ్ళతో, కూలికెళ్ళి వచ్చిన పెద్దవాళ్ళతో కలిసి కొన్ని సినిమాలు చూశాం. ఒక కచేరీ రికార్డింగు కూడా విన్నాం. చూశాక అరగంట మాట్లాడుకోవాలని ముందే షరతు పెట్టుకున్నాం. ఆ మాటల్లోంచి తేలినవే ఇక్కడ రాస్తున్నాం.

మాలపిల్ల నుంచి కలర్ ఫోటో దాకా

మన కథ తెర కెక్కడం కొత్తేమీ కాదు. 1938లోనే మాలపిల్ల వచ్చింది. గూడవల్లి రామబ్రహ్మం తీశాడు, కథ చలం రాశాడు, మాటలు తాపీ ధర్మారావు. మాలపిల్ల శంపాలతగా వేసిన కాంచనమాల తెనాలి ప్రాంతం మనిషి. బ్రాహ్మణ తండ్రిగా వేసిన గోవిందరాజుల సుబ్బారావు కూడా తెనాలి నాటకాల్లోంచి వచ్చినవాడే. ఆ రోజుల్లో ఆ పేరు పెట్టి సినిమా తియ్యడానికి గుండె కావాలి. ఆ మాట ఒప్పుకుంటాం.

ముగింపు చూడండి. శాస్త్రి గారి భార్య మంటల్లో చిక్కుకుంటుంది. హరిజనుడు దూకి కాపాడతాడు. అప్పుడు శాస్త్రి గారి మనసు మారుతుంది, గుడి తలుపులు తెరుచుకుంటాయి. మా వాడలో ఒక అక్క అడిగింది: "ఆవిడ ఇల్లు తగలబడకపోతే గుడి తలుపు తియ్యరా?" ఈ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. ఎనభై ఏళ్ళ పైబడ్డ సినిమా అడిగించిన ఈ ప్రశ్న ఇవాళ్టి సినిమాలకూ సరిపోతుంది. మనం మనుషులమని రుజువు చేసుకోవడానికి ప్రతిసారీ ఎవరి మంటల్లోనో దూకాలా? లేకపోతే చచ్చిపోవాలా?

2020లో వచ్చిన కలర్ ఫోటో కుర్రాళ్ళను బాగా ఏడిపించింది. మచిలీపట్నం కథ. నల్లటి పేద కుర్రాడు, తెల్లటి పిల్ల. చదువుకునే చోట ప్రేమ, పిల్ల అన్న పోలీసు, చివరికి చావు. జాతీయ అవార్డు కూడా వచ్చింది. సుహాస్ నటనకు చేతులెత్తి దణ్ణం పెట్టొచ్చు. అయితే సినిమా అయ్యాక తొమ్మిదో తరగతి పిల్లాడు లేచి, "సార్, నల్లగా ఉన్నందుకు చంపుతారా? మన ప్రెసిడెంటు కూడా నలుపేగా?" అన్నాడు. అందరం నవ్వాం. తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు. పిల్లాడు పట్టేశాడు. ఈ నేల మీద ఎండన పడి పనిచేసే ప్రతి కులంలోనూ నల్లటివాళ్ళున్నారు. రంగు తేడాకు అవమానం ఉంటుంది, కాదనం. ఆడపిల్లల్ని అడిగితే ఇంకా బాగా చెబుతారు. కానీ ప్రేమించినందుకు కత్తి దిగేది కులం తేడా వచ్చినప్పుడు. కులం అనే మాట నోట పలకలేక రంగు అంటున్నారు. జబ్బు పేరు చెప్పని డాక్టరు మందెట్లా రాస్తాడు?

నారప్ప చెప్పిన చదువు

నారప్ప 2021 జూలైలో నేరుగా ఫోన్లలోకొచ్చింది. తమిళంలో వెట్రిమారన్ తీసిన అసురన్‌కు తెలుగు. ఈ సినిమా చూస్తున్నంతసేపూ దుప్పటి ముందు పిన్న పెద్ద కదల్లేదు. చెప్పులేసుకుని నడిచిన ఆడపిల్లకు జరిగిన అవమానం చూసి ముసలమ్మలు "మా కాలంలో ఇంతేనమ్మా, చెప్పులు చేతిలో పట్టుకునేవాళ్ళం" అన్నారు. గుడిసెలు తగలబడేటప్పుడు ఒకాయన లేచి బయటికెళ్ళిపోయాడు.

చివర్లో నారప్ప కొడుక్కి చదువుకోమని చెబుతాడు. భూమి లాక్కుంటారు, డబ్బు లాక్కుంటారు, చదువును మాత్రం లాక్కోలేరని దాని సారం. పంతుళ్ళం కాబట్టి మాకు గుండె నిండాలి. నిండింది కూడా. అంబేద్కర్ చెప్పిందీ ముందు చదువే. అయినా మా మనసు అక్కడ ఆగలేదు. చుండూరు హాల్లో కూచున్న కుర్రాడు చదువుకున్నవాడు. చదువుకుంటే గౌరవం దక్కుతుందని మనం పిల్లలకు చెబుతాం. ఈ గడ్డ మీద చదువుకున్నాడనే కాలు బరువెక్కింది. చదువురాని వాడి కాలు తగిలుంటే ఒక బూతు తిట్టి ఊరుకునేవాళ్ళేమో. చదువు కావాలి, తప్పకుండా కావాలి. చదువొక్కటే డాలు కాదు. పక్కన సంఘం ఉండాలి, కోర్టు దాకా నడిచే ఓపిక ఉండాలి. చుండూరు జనం పదహారేళ్ళు నిలబడ్డది సంఘం వల్ల. సినిమా చదువు దగ్గర ముగించి ఇంటికి పంపుతుంది. మన పని అక్కడి నుంచి మొదలవుతుంది.

ఇంకో సంగతి. ఈ సినిమా తీసిన వాటిల్లో సురేష్ ప్రొడక్షన్స్ ఒకటి. దాన్ని స్థాపించిన రామానాయుడి సొంతూరు కారంచేడు. 1985 జూలై 17న ఆరుగురు మాదిగల్ని చంపిన ఊరు. మంచినీళ్ళ చెరువు దగ్గర పశువుల కుడితి బొక్కెన కడగొద్దన్నందుకు మొదలైన గొడవ. సినిమా తీసినవాళ్ళను ఆ నేరంతో కలపడం మా ఉద్దేశం కాదు. ఎవరి లెక్క వాళ్ళది. మేం చెప్పేది పెట్టుబడి సంగతి. ఒకే ఊరు. ఒక వైపు నుంచి సినిమా పరిశ్రమనే నడిపేంత కుటుంబం వచ్చింది. ఇంకో వైపు నుంచి చీరాలకు శరణార్థులొచ్చారు. ఇవాళ తెర మీద దళితుడి కథ చెప్పాలన్నా డబ్బు మొదటి వైపే ఉంది. కథ మనది, నెత్తురు మనది, కెమెరా వాళ్ళది. అందుకే రాయలసీమ నారప్పను చూడగలిగాం, కారంచేడు కథను మాత్రం పెద్ద తెర మీద ఇంకా చూడలేదు. 2022 ఏప్రిల్ 4న కొత్తగా ఏర్పడ్డ బాపట్ల జిల్లాలోకి కారంచేడూ వచ్చింది, చుండూరూ వచ్చింది. రెండు ఊళ్ళూ ఒకే జిల్లా కాగితం మీదకెక్కాయి. తెర మీదకెప్పుడెక్కుతాయి?

కరుణ కుమార్ తీసిన పలాస 1978 మాత్రం మాకు వేరే రకంగా నచ్చింది. 2020 మార్చిలో వచ్చింది. జీడిపప్పు బట్టీల పలాసలో ఆడిపాడే కుటుంబంలో పుట్టిన అన్నదమ్ముల కథ. వాళ్ళ పాట కావాలి, వాళ్ళ ఆట కావాలి, ఇంకో కులపోణ్ణి కొట్టడానికి వాళ్ళ కండ కావాలి, పక్కన కుర్చీ మాత్రం వద్దు. ఎన్నికలప్పుడు జెండాలు కట్టే మన కుర్రాళ్ళకు ఈ సినిమా తప్పకుండా చూపించండి. మేం చెప్పక్కర్లేదు, వాళ్ళే ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు.

స్టూవర్ట్‌పురం దొంగ, యానాది దొర

బాపట్ల నుంచి చీరాల పోయే రైల్లో కూచుంటే మధ్యలో స్టూవర్ట్‌పురం స్టేషను వస్తుంది. ఆ పేరు వినగానే డబ్బాలో ఎవరో ఒకరు సంచి దగ్గరికి లాక్కుంటారు. మేం చాలాసార్లు చూశాం. ఆ చెయ్యి సంచి మీదకు ఎందుకు పోతుంది?

1871లో తెల్లదొరలు నేరస్త తెగల చట్టం తెచ్చారు. పుట్టుకతోనే దొంగ అని కులం మొత్తాన్ని రాసుకునే చట్టం. 1913లో ఎరుకల కుటుంబాల్ని తెచ్చి ఇక్కడ సెటిల్మెంటు కట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. బయటికెళ్ళాలంటే అనుమతి, రోజూ హాజరు. చీరాల పొగాకు కంపెనీకి చవకగా చేతులు దొరికాయి. స్వతంత్రం వచ్చాక 1952లో ఆ చట్టం పోయింది. పేరు మీద మచ్చ పోలేదు. చుండూరు బాధితులకు తెనాలిలో నీడ ఇచ్చిందీ సాల్వేషన్ ఆర్మీయే, ఇక్కడ హాజరు పుస్తకం పట్టిందీ అదే. చరిత్ర ఇట్లా ఉంటుంది, దాచకుండా రెండూ చెప్పుకోవాలి.

2023 అక్టోబరులో టైగర్ నాగేశ్వరరావు వచ్చింది. రవితేజ హీరో. నిజమైన పుకార్ల ఆధారంగా తీశామని పోస్టరు మీదే వేసుకున్నారు. పుకారు నిజమైనదెట్లా అవుతుందో తీసినవాళ్ళకే తెలియాలి. ఎరుకల మీద నూరేళ్ళుగా నడిచిన కేసుల్లో ఎన్ని పుకార్లో, ఎన్ని నిజాలో లెక్క తీస్తే బాగుండేది. 1987లో పోలీసు కాల్పుల్లో చచ్చిపోయిన మనిషిని పట్టుకుని రైళ్ళు దోచే వీరుణ్ణి చేశారు. ఈలలు వెయ్యడానికి బాగానే ఉంది. సినిమా బయటికి రాకముందే ఎరుకల అభ్యంతరం హైకోర్టు దాకా వెళ్ళింది. వాళ్ళు అడిగింది న్యాయం. దొంగను హీరో చేసినా ఊరి పేరు దొంగల ఊరిగానే మిగులుతుంది. రేపు ఆ ఊరి పిల్ల బాపట్ల కాలేజీలో చేరితే హాస్టల్లో గిన్నె పోయినా మొదట ఆ పిల్ల పెట్టె వెతుకుతారు. ఈలేసినవాడు ఇంటికెళ్ళి నిద్రపోతాడు, ఆ పిల్ల మాత్రం నాలుగేళ్ళూ పెట్టె తెరిచి చూపించాలి.

దీని పక్కన జై భీమ్ పెట్టి చూడండి. 2021 నవంబరులో వచ్చిన తమిళ సినిమా, తెలుగు మాటలతోనూ ఉంది. ఇరుళుల కథ. చెయ్యని దొంగతనానికి స్టేషన్లో చావగొట్టి, పారిపోయాడని రాసిన మనిషి కోసం, గర్భిణిగా ఉన్న అతని భార్య కోర్టులో చేసిన పోరాటం. మొదట్లోనే జైలు గేటు దగ్గర కులం అడిగి, కొందర్ని ఇంటికి పంపి, కొందర్ని ఇంకో కేసులో ఇరికించడానికి పక్కకు నిలబెడతారు. చూస్తున్న మా యానాది తల్లులు ఆ ఒక్కచోటే పెద్దగా నిట్టూర్చారు.

రేపల్లె, నిజాంపట్నం వైపు యానాదుల్ని ఎరగనివాళ్ళెవరు? వరి పొట్టకొచ్చే వేళ ఎలకలు పట్టాలంటే వాళ్ళే కావాలి. కలుగు దగ్గర కుండలో పొగ పెట్టి ఊదుతారు. రైతు పంట నిలబెట్టేది వాళ్ళ ఊపిరి. ఆ సినిమా మొదట్లో ఇరుళులు ఎలకలు పట్టే ఆట చూసి మా దగ్గరున్న యానాది పెద్దాయన గట్టిగా నవ్వి, "ఇది మా పనేగదయ్యా, సినిమాలో పెట్టారే!" అన్నాడు. అదే పెద్దాయన, ఊళ్ళో మోటారు పోతే మొదట తన గుడిసె దగ్గరికే వస్తారని కూడా చెప్పాడు. కాసేపటి కింద నవ్విన మొహమే.

ఒక సంగతి మన కార్యకర్తలు తెలుసుకోవాలి. ఆ కేసు నిజంగా 1993లో కడలూరు జిల్లాలో జరిగింది. వకీలు చంద్రు తర్వాత మద్రాసు హైకోర్టు జడ్జీ అయ్యాడు. సినిమాలో ఇరుళుడిగా చూపించారు గానీ, నిజ జీవితంలో చనిపోయిన రాజాకన్ను కురవడు. తమిళ దేశపు కొరవలు, మన ఎరుకలు దగ్గరి బంధువుల్లాంటివాళ్ళు. ఆలోచించండి. ఒకే మచ్చ మోసిన జనం. అక్కడ లాకప్పులో చచ్చిన మనిషికి న్యాయం అడిగిన సినిమా వచ్చింది, ఇక్కడ పుకార్ల మీద సినిమా వచ్చింది. వాళ్ళు ఎస్టీలు, మనం ఎస్సీలం, వాళ్ళ గొడవ మనకెందుకు అనే మాట మన సంఘాల్లోనూ వినిపిస్తోంది. లాఠీ మాత్రం కులధ్రువపత్రం చూసి ఆగదు.

జై భీమ్‌లోనూ మాకు ఒక వెలితి తోచింది. చివరికి మనసులో మిగిలేది నల్లకోటు వకీలే. సూర్య బాగా చేశాడు, వకీలు గొప్పవాడే, సందేహం లేదు. కానీ ఆశలన్నీ చూపి కొనబోయినా లొంగని ఆ ఆడమనిషి పట్టుదలే కేసుకు వెన్నెముక. మా ఆడవాళ్ళు ఆ మాట మాకంటే ముందే అన్నారు. "ఆయనకు చదువుంది, ఆమెకేం ఉందండీ? అయినా నిలబడింది."

ఇంతకీ ఏం చూశాం? ఒక సినిమాలో మంటల్లో దూకాం. ఇంకోదాంట్లో రంగు మారాం. ఇంకోదాంట్లో దొంగలమయ్యాం. ఇంకోదాంట్లో మంచివాడొచ్చి కాపాడాడు. కొన్ని మంచి సినిమాలే. ఏడ్చాం, చప్పట్లు కొట్టాం. మన ఏడుపు గానీ చప్పట్లు గానీ ఆ సినిమాకు తెలియవు. మనం చూసినా చూడకపోయినా అది అట్లాగే ఆడుతుంది. ఈ మాట మాకు తట్టింది సినిమా చూస్తుండగా కాదు, పాట వింటుండగా.

జనం గొంతు కూడా ఉన్న పాట

చివరి శనివారం బొమ్మ మానేసి పాట పెట్టాం. మద్రాసులో పా. రంజిత్, సంగీతం తెలిసిన తెన్మా కలిసి కట్టిన పాటల జట్టు ఉంది, ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్. కులం లేని జట్టు అని అర్థం. నూరేళ్ళ పైచిలుకు కిందట అయోతీదాస్ పండితుడు జనాభా లెక్కల్లో మనల్ని కులం లేని తమిళులమని రాయించుకోమన్నాడు. ఆ మాట నుంచి వచ్చిన పేరు. మొదటి కచేరీ 2018 జనవరి 6న కీల్పాక్‌లో జరిగింది. పంతొమ్మిది మంది. అందులో ఒక్కతే ఆడమనిషి, ఇసైవాణి. ఉత్తర మద్రాసు కూలివాడల్లో చావు దగ్గర పాడే గానా పాటను, పరై డప్పును, గిటారు పక్కన నిలబెట్టారు. రిజర్వేషన్ల మీద పాడారు. గొడ్డు మాంసం మీద పాడారు. ఏ సంగతి నలుగురిలో మాట్లాడటానికి మన చదువుకున్నవాళ్ళు గొంతు తగ్గిస్తారో, దాన్నే స్టేజీ ఎక్కి, సూట్లు వేసుకుని పాడారు.

మేం విన్నది స్టేజీ మీద పాడింది పాడినట్టు పట్టిన రికార్డింగు. మా వాడలో తమిళం ఒక్కరికి రాదు. స్టూడియోలో శుభ్రంగా కడిగిన పాట కాదది. ఈలలున్నాయి. జనం పాటగాడికంటే ముందే పల్లవి అందుకుంటారు. అతను ఆగుతాడు, జనం పాడతారు, మళ్ళీ అతను అందుకుంటాడు. డప్పు మా ముసలాయన చెవిన పడింది. చావుకూ పెళ్ళికీ జాతరకూ యాభై ఏళ్ళు కొట్టిన చెయ్యి. కూచున్నచోటే మోకాలి మీద సిర్ర, చిటికెన పుల్ల ఉన్నట్టుగా వేళ్ళు ఆడించడం మొదలుపెట్టాడు. "మాట తెలియకపోతే మాత్రమేం అబ్బాయ్, దరువు మనదేగా" అన్నాడు. ఇంటికెళ్ళి అటక మీద డప్పు తెచ్చి, మంట వేసి సెగ చూపించి, ఆ రికార్డింగుతో పాటు కొట్టాడు. రాత్రి పదకొండు దాటినా ఎవరూ పోలేదు.

ఇన్ని సినిమాలు చూశాం. ఎవరూ లేచి సినిమాలోకి నడవలేదు. ఈ పాటలోకి మాత్రం మా ముసలాయన నడిచి వెళ్ళాడు. తేడా అక్కడుంది. ఆ రికార్డింగులో జనం గొంతు ఉంది, అందుకే మన గొంతుకూ చోటు దొరికింది. చుండూరు కుర్రాడు అడిగింది పక్కన కూచునే చోటు. ఈ పాటలో పక్కన నిలబడి పాడే చోటుంది.

మరి మన పాట ఏది? మనకు పాటకు కరువా? కారంచేడు మీద గద్దర్ కట్టిన పాట ఈ రాష్ట్రంలో మోగని వాడ లేదు. మాస్టార్జీ పాటలు క్యాసెట్లలో తిరిగాయి. సభల్లో ఎవరో టేపురికార్డరు స్టేజీ కింద పెట్టి పట్టేవాళ్ళు. ఆ క్యాసెట్టులో మైకు గరగర, చంటిపిల్ల ఏడుపు, వెనక నుంచి జై భీమ్ కేకలు, అన్నీ ఉండేవి. అవే మన లైవ్ ఆల్బములు. ఇప్పుడవి ఎన్ని మిగిలాయి? టేపు బూజు పట్టింది, మిషను మూలపడింది. గద్దర్ 2023లో పోయాడు. ఆగస్టు 6న. చుండూరు దినాన. ఆ రోజు రక్తక్షేత్రానికి పోయే ప్రతి ఏడూ ఇప్పుడు రెండు దుఃఖాలు గుర్తొస్తాయి.

పాడినవాళ్ళు వెళ్ళిపోతున్నారు. చుండూరు చూసినవాళ్ళ జుట్టు నెరిసింది. వాళ్ళు పాడిన పాట, చెప్పిన మాట మనం పట్టి ఉంచకపోతే, రేపు ఎవరో ఒకరు మళ్ళీ పుకార్ల ఆధారంగా తీస్తారు. అప్పుడు నిరసన తెలపడానికి కూడా మన చేతిలో రుజువుండదు.

కాబట్టి కార్యకర్తలకు, చదువుకున్న పిల్లలకు నాలుగు మాటలు చెబుతాం. పెద్ద ఖర్చు లేని పనులే.

మొదటిది, సినిమాను ఒంటరిగా ఫోన్లో చూసి వదిలెయ్యకండి. వాడలో తెల్లగుడ్డ కట్టి కలిసి చూడండి. చూశాక మాట్లాడండి. ముఖ్యంగా ఆడవాళ్ళను, పిల్లల్ని మాట్లాడనివ్వండి. పైన రాసిన వాటిల్లో మంచి ప్రశ్నలన్నీ వాళ్ళవే.

రెండోది, ఏప్రిల్ 14న, జూలై 17న, ఆగస్టు 6న సభలు జరుగుతాయి. ప్రతి కుర్రాడి జేబులో ఫోనుంది. నాయకుడి పక్కన నిలబడి ఫోటో దిగడం కాసేపు ఆపి పాటను పట్టండి. పాడినవాళ్ళ పేరు, ఊరు, ఏడాది రాసిపెట్టండి. డప్పు కొట్టినవాళ్ళ పేరు కూడా రాయండి. ఇన్నేళ్ళుగా డప్పు వినపడింది గానీ కొట్టినవాడి పేరు ఎక్కడా కనపడలేదు. జనం గొంతును కత్తిరించకండి.

మూడోది, యానాది కాలనీల్లో, స్టూవర్ట్‌పురంలో పెద్దవాళ్ళున్నారు. వాళ్ళ కథ వాళ్ళ నోటితో చెప్పించండి. మనం రాసిపెడదాం. మన పలుకు కలపకుండా రాద్దాం.

నాలుగోది హీరోల కటౌట్లకు పాలు పోసే తమ్ముళ్ళకు. మీ అభిమానం మీ ఇష్టం, కాదనం. ఒక్కటి మాత్రం లెక్క చూసుకోండి. హీరో సినిమాకు ఏడాదికి మీరు పెట్టే ఫ్లెక్సీల డబ్బు ఎంత? ఆ డబ్బుతో వాడకొక మంచి మైకు, ఒక డప్పుల జత రావా? ఆ హీరో సినిమాలో మీ ఇంటి పేరున్న మనిషి ఒక్కడన్నా తల ఎత్తుకుని నడిచాడేమో చూడండి.

సినిమాలు వస్తూనే ఉంటాయి. కొన్ని మనల్ని ఏడిపిస్తాయి, కొన్ని మన పేరు మీద డబ్బు చేసుకుంటాయి. మంచివి వస్తే మెచ్చుకుందాం, చెడ్డవి వస్తే అడుగుదాం. ఈ లోగా డప్పులకు సెగ పెట్టండి. వచ్చే ఆగస్టు 6కి ఎవరెవరు పాడతారో, ఎవరు రికార్డు చేస్తారో ఇప్పుడే వాడలో కూచుని పేర్లు రాసుకోండి.

జై భీమ్.